స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సర్: పొగ, హార్మోన్లు

స్మారకోపన్యాస పాఠం, కమలనగర్, బీదర్ జిల్లా

వ్యాధి, స్త్రీలలో దాని తీరు

ప్రపంచంలో మరే క్యాన్సర్ కన్నా ఊపిరితిత్తుల క్యాన్సరే ఎక్కువమంది ప్రాణాలు తీస్తోంది. 2022 లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో సుమారు 25 లక్షల మందిలో ఇది కొత్తగా బయటపడింది, 18 లక్షల మంది చనిపోయారు. కొత్త రోగుల్లో తొమ్మిది లక్షల మందికి పైగా స్త్రీలు. భారతదేశంలో అదే ఏడాది సుమారు 81 వేల కొత్త కేసులు తేలాయి. వారిలో మగవారే ఎక్కువ. అయినా స్త్రీల విషయాన్ని విడిగా చూడవలసిన అవసరం ఉంది. ఎందుకంటే వారిలో ఈ వ్యాధికి దారితీసే కారణాలు, అది పుట్టే చోటు, దాని జీవకణాల స్వభావం మగవారిలో ఉన్నట్టుగా ఉండవు.

ఈ క్యాన్సర్‌లో రెండు పెద్ద రకాలున్నాయి: చిన్న కణాల రకం, చిన్నవి కాని కణాల రకం. రెండోదానిలో మళ్లీ స్క్వామస్, అడినోకార్సినోమా ముఖ్యమైనవి. స్క్వామస్ రకం ఎక్కువగా పెద్ద శ్వాసనాళాల దగ్గర పుడుతుంది. బీడీ, సిగరెట్లతో దీని సంబంధం గట్టిది. అడినోకార్సినోమా గ్రంథికణాల నుంచి, ఊపిరితిత్తి అంచుల వైపు పుడుతుంది. పొగాకు దీనికీ కారణమే గాని, ఎన్నడూ పొగ తాగనివారిలో కనిపించే క్యాన్సర్‌లో పెద్ద వాటా దీనిదే. స్త్రీలలోనూ ఇదే ముందుంటుంది.

పొగ తాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. లెక్కలు దాన్ని నిలబడనివ్వవు. ప్రపంచవ్యాప్తంగా పురుషుల్లో వచ్చే ఈ వ్యాధిలో పొగాకుకు అంటగట్టలేనిది సుమారు 15 శాతం కాగా, స్త్రీలలో అది సగానికి పైగా ఉంటుందని ఒక పాత అంచనా. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2012లో ప్రచురించిన పరిశీలనలో 489 మంది రోగుల్లో 52 శాతం మంది పొగ తాగనివారే. అందులో స్త్రీపురుషులిద్దరూ ఉన్నారు.

దేశంలో ఊరికీ ఊరికీ తేడా చాలా ఉంది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో మిజోరంలోని ఐజాల్ జిల్లాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రేటు లక్ష మంది స్త్రీలకు 37.9, పురుషులకు 38.8. స్త్రీలూ పొగ తాగే ఆ సమాజంలో రెండు అంకెలూ దాదాపు సమానం. అదే నివేదికలో అన్ని క్యాన్సర్లూ కలిపి చూసినప్పుడు అతి తక్కువ రేటు నమోదైంది కమలనగర్‌కు పడమటి దిక్కున, లాతూరు అవతల ఉన్న ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో. అక్కడ అన్ని రకాల క్యాన్సర్లూ కలిసి లక్ష మంది స్త్రీలకు 49.4 మాత్రమే. దేశంలో తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో మొదలైంది కూడా ఈ దాపులనే, సోలాపూర్ జిల్లా బార్శీలో. రేటు తక్కువగా ఉండటం మేలే. కాని దాని వెనకే ఒక చిక్కు ఉంది. ఇలాంటి ప్రాంతంలో పనిచేసే డాక్టరుకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న స్త్రీ అరుదుగా ఎదురవుతుంది. అరుదైనది వెంటనే స్ఫురించదు.

తాను తాగని పొగ

2016-17 జాతీయ పొగాకు సర్వేలో దేశంలోని పెద్దవారిలో పొగ తాగే పురుషులు 19 శాతం, స్త్రీలు 2 శాతం. తెలుగువారిలో స్త్రీల పొగకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరగ్రామాల్లో చుట్టను వెలిగించి నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు స్త్రీలలోనే ఎక్కువ. 1971లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పిండ్‌బర్గ్, మెహతా, గుప్తా బృందం 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి అంగిలి మీద మచ్చలు, పుండ్లు, క్యాన్సర్ నమోదు చేసింది. విశాఖపట్నం వైద్యులు సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి కూడా ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న ముడిని ఏళ్లతరబడి పరిశోధించారు. పొగాకు హాని స్త్రీల వరకు రాదనే మాట ఆ తీరంలో ఏనాడూ చెల్లలేదు.

పొగ తాగే స్త్రీకి ప్రమాదం ఎంత? బ్రిటన్‌లో పది లక్షలకు పైగా స్త్రీలను గమనించిన అధ్యయనం 2013లో దీనికి జవాబిచ్చింది. పొగ తాగే స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తాగనివారికన్నా 20 రెట్లకు పైగా ఎక్కువ. నలభై ఏళ్లలోపు మానేసినవారు పొగ వల్ల అదనంగా వచ్చే మరణప్రమాదంలో తొంభై శాతానికి పైగా తప్పించుకున్నారు. అన్నే సిగరెట్లు తాగితే మగవారికన్నా ఆడవారికే ఎక్కువ హాని అన్న వాదం 1990లలో గట్టిగా వినిపించింది. 2004లో అమెరికాలో నర్సులను, మగ వైద్యవృత్తుల వారిని దీర్ఘకాలం గమనించిన రెండు అధ్యయనాలను కలిపి చూస్తే ఆ తేడా నిలవలేదు.

ఈ ప్రాంతపు స్త్రీల విషయంలో అసలు లెక్క ఇతరుల పొగది. జపాన్‌లో తకేషి హిరయామా పొగ తాగని 91,540 మంది గృహిణులను 14 ఏళ్లు గమనించి 1981లో ఫలితం వెల్లడించారు. భర్త ఎక్కువగా సిగరెట్లు తాగే ఇళ్లలో భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం దాదాపు రెండింతలు. మన జాతీయ పొగాకు సర్వేలో పెద్దవారిలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నట్టు తేలింది. మంచం మీద కూర్చుని ఇంటి పెద్ద కాల్చే బీడీ ఆయనకు ఎంత చేటో, అదే గదిలో పిల్లను నిద్రపుచ్చే కోడలికీ కొంత చేటు.

రెండోది పొయ్యి పొగ. కంది కోత అయ్యాక కందికట్టె, పత్తి ఏరాక పత్తికట్టె, ఏడాది పొడుగునా పిడకలు: బీదర్ నల్లరేగడి ఊళ్లలో పొయ్యిలోకి వెళ్లేవి ఇవే. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 2006లో సమావేశమై, ఇంట్లో బొగ్గు మంట పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా, కట్టెలు పిడకల పొగను బహుశా కలిగించేదిగా వర్గీకరించింది. బాగా కాగిన నూనె నుంచి లేచే ఆవిరులనూ ఈ రెండో తరగతిలోనే చేర్చింది. కిటికీ లేని వంటగదిలో గంటలకొద్దీ పిండివంటలు చేసేవారికి ఈ సంగతి పట్టించుకోదగ్గదే. భారతదేశంలో దొరికిన సాక్ష్యం ఒకే తీరుగా లేదు. చండీగఢ్‌లో పొగ తాగని స్త్రీల మీద 2005లో వచ్చిన చిన్న పరిశీలన కట్టెపొగతో ప్రమాదం మూడున్నర రెట్లుగా చూపింది. దేశంలో పలుచోట్ల కలిపి జరిపిన, 2008లో వెలువడిన పెద్ద పరిశీలనలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో స్పష్టమైన సంబంధం బొగ్గుకే కనిపించింది. సింగరేణి గనుల ఊళ్లలో ఇళ్ల ముందు బొగ్గుకుంపట్లు వెలిగించిన తరాలకు ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది.

పొగ తగ్గితే ప్రమాదం తగ్గుతుందన్న రుజువు చైనాలోని షువాన్‌వెయ్ నుంచి వచ్చింది. అక్కడి స్త్రీలు పొగ తాగరు. ఇంట్లో పొగ ఎక్కువ వచ్చే బొగ్గు మండిస్తారు. స్త్రీల ఊపిరితిత్తుల క్యాన్సర్ రేట్లలో ఆ దేశంలోనే పైవరుసలో ఆ జిల్లా ఉండేది. 1970ల నుంచి పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టించుకున్న ఇళ్లలో తర్వాతి ఏళ్లలో ఈ వ్యాధి స్త్రీలలో 46 శాతం, పురుషుల్లో 41 శాతం తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకం పొయ్యిని మార్చడానికి పూనుకున్నవే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 58.6 శాతం ఇళ్లు పొగ లేని ఇంధనం వాడుతున్నాయి. అయితే సిలిండరు ఇంట్లో ఉండటం వేరు, అయిపోయినప్పుడల్లా మళ్లీ నింపించుకోగలగడం వేరు. స్నానాలకు నీళ్లు కాచేది, పశువులకు కుడితి కాచేది ఇప్పటికీ కట్టెల మీదనే.

హార్మోన్ల ప్రశ్న ఎలా వచ్చింది

పొగ ఇంత చెప్పినా అన్నీ చెప్పలేదు. ఎవరి పొగా సోకని స్త్రీలలోనూ అడినోకార్సినోమా వస్తోంది. అందుకే పరిశోధకుల దృష్టి ఈస్ట్రోజన్ మీద పడింది. 1994లో అమెరికాలో తయోలి, విండర్ అనే ఇద్దరు ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. నలభై ఏళ్లకే ముట్లుడిగిన స్త్రీలలో అడినోకార్సినోమా ప్రమాదం తక్కువగా, ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడినవారిలో 1.7 రెట్లుగా కనిపించింది. మాత్రలూ సిగరెట్లూ రెండూ ఉన్నచోట ప్రమాదం ముప్పై రెట్లు దాటింది. సంఖ్య చిన్నది గనుక దాన్ని తుది మాటగా ఎవరూ తీసుకోలేదు. ప్రశ్న మాత్రం నిలిచింది.

ఈస్ట్రోజన్ రొమ్ముకు, గర్భాశయానికి మాత్రమే సంబంధించిన పదార్థం కాదు. దాన్ని అందుకునే గ్రాహకాలు ఊపిరితిత్తి కణాల్లోనూ ఉన్నాయి. వాటిలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. 1996లో కనుగొన్న బీటా రకమే ఊపిరితిత్తిలో ప్రధానం, అది పురుషుల్లోనూ ఉంటుంది. ఈస్ట్రోజన్‌ను తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైము కూడా చాలా ఊపిరితిత్తి కణుతుల్లో ఉంటుంది. అంటే రక్తంలో హార్మోను తగ్గిపోయిన వయసులోనూ కణితి తనకు కావలసింది తానే తయారుచేసుకోగలదు. కాలిఫోర్నియాలో 2007లో జరిగిన పరిశీలనలో 65 ఏళ్లు దాటిన స్త్రీలలో అరోమటేజ్ తక్కువగా ఉన్న కణుతులవారే ఎక్కువకాలం బతికారు.

ఈస్ట్రోజన్ పని మూడు దారుల్లో జరుగుతుందని ప్రయోగశాలల్లో తేలింది. మొదటిది, గ్రాహకానికి అంటుకుని కణం విభజన చెందేలా ప్రేరేపించడం. రెండోది, పొగలోని విషాలను మార్చే ఎంజైములతో కలిసి నడవడం. ఈ ఎంజైములే ఈస్ట్రోజన్‌ను కూడా మారుస్తాయి. అలా పుట్టిన కొన్ని పదార్థాలు డీఎన్ఏకు అంటుకుని దెబ్బతీస్తాయి. మూడోది, ఈజీఎఫ్ఆర్ అనే పెరుగుదల గ్రాహకంతో చేతులు కలపడం. ఈస్ట్రోజన్ గ్రాహకం, ఈజీఎఫ్ఆర్ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి, ఒకదాన్ని ఆపితే రెండోది చురుకెక్కుతుంది. పొగ తాగని స్త్రీల కణుతుల్లో ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఎక్కువగా కనిపించడంతో ఈ మూడో దారికి ప్రాధాన్యం వచ్చింది. రెండింటినీ కలిపి ఆపే మందులతో చేసిన చికిత్సా పరీక్షలు మాత్రం ఆశించినంత ఫలితం ఇవ్వలేదు.

మాత్రలు నేర్పిన పాఠం

ఈ విషయంలో అన్నిటికన్నా బరువైన సాక్ష్యం అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరీక్ష. 50 నుంచి 79 ఏళ్ల వయసున్న 16,608 మంది స్త్రీలను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర, మరో గుంపుకు మందులేని మాత్ర ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు పెరగడంతో 2002లో ఆపేశారు. ఊపిరితిత్తుల లెక్క 2009లో బయటికొచ్చింది. క్యాన్సర్ వచ్చినవారు మాత్ర గుంపులో 109, రెండో గుంపులో 85. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు. కాని ఆ క్యాన్సర్‌తో చనిపోయినవారు 73కు 40. ఇది యాదృచ్ఛికమని కొట్టివేయలేని తేడా. గర్భసంచి లేని 10,739 మంది స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన జంట పరీక్షలో వ్యాధీ పెరగలేదు, మరణాలూ పెరగలేదు.

ఇతర పరిశీలనలు ఒక్క మాట మీద లేవు. వాషింగ్టన్ రాష్ట్రంలో పదేళ్లు దాటి జోడు మాత్ర వాడినవారిలో ప్రమాదం దాదాపు సగం పెరిగింది. హ్యూస్టన్‌లో 2004లో, పలు దేశాల సమాచారం కలిపి 2013లో చేసిన పరిశీలనల్లో మాత్రలు వాడినవారిలో ప్రమాదం తగ్గినట్టు కనిపించింది. ఈ వైరుధ్యానికి ఒక కారణం తేలిగ్గానే అందుతుంది. పడమటి దేశాల్లో హార్మోన్ మాత్రలు వాడే స్త్రీలు సగటున చదువుకున్నవారు, కలిగినవారు, డాక్టరు దగ్గరికి తరచుగా వెళ్లేవారు. వారికి మేలు చేసింది మాత్రో, జీవనవిధానమో పరిశీలన మాత్రంతో విడదీయలేం. చీటీ తీసి పంచిన పరీక్షలో ఆ తిరకాసు ఉండదు.

ఆ పరీక్షను సరిగ్గా చదివితే ఒక అర్థం కనిపిస్తుంది. కొత్త కేసులు పెద్దగా పెరగకుండా మరణాలు పెరిగాయంటే, హార్మోను కొత్తగా క్యాన్సర్‌ను పుట్టించడం కన్నా, అప్పటికే ఉన్నదాన్ని వేగంగా పెంచి ఉండాలి. విత్తనం వేరు, దానికి తగిలే తడి వేరు. జెనీవాలో 2011లో వచ్చిన పరిశీలన ఇదే సంగతిని అటువైపు నుంచి చూపింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 6,655 మంది స్త్రీలలో ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే మందులు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు బాగా తక్కువ, కొత్త కేసుల్లో మాత్రం గట్టి తేడా లేదు.

ఈ ప్రాంతంలో హార్మోన్ల సంగతి

దక్షిణాది పల్లెల్లో ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడేవారు అరుదు. గర్భనిరోధక మాత్రలూ తక్కువే. ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే ప్రధానంగా ఆపరేషన్. ఇద్దరు పిల్లలు కాగానే, ఇరవై అయిదేళ్లకే ట్యూబెక్టమీ. కాబట్టి పడమటి దేశాల మాత్రల చర్చ తెలుగు, కన్నడ, మరాఠీ పల్లెల స్త్రీలకు నేరుగా అతకదు. వారి హార్మోన్ల జీవితాన్ని మార్చేది మరొకటుంది: గర్భసంచి తీయించుకోవడం.

2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ ఇవే. ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి, చాలామందికి నలభై దాటకముందే. సరిహద్దు అవతల మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కొట్టే కూలీ స్త్రీలు 82 వేల మందిని 2019లో ప్రభుత్వ కమిటీ సర్వే చేస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి లేనివారు తేలారు. నెలసరి రోజుల్లో పని తప్పితే కూలీ కోత, తెల్లబట్టకు క్యాన్సర్ భయం, ముందుచూపు లేని సలహా కలిసి వారిని ఆపరేషన్ బల్ల మీదికి చేర్చాయి. అనవసరపు ఆపరేషన్ల మీద మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి ఒక్కటే తీస్తే హార్మోన్లు వెంటనే ఆగవు, కాని అండాశయాలు కొంత ముందుగానే అలసిపోతాయి. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ల స్త్రీ ఒక్కరోజులో ముట్లుడిగిన స్థితికి చేరుతుంది. ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముందుగా రావడం దీని వల్ల జరిగేవే. ఊపిరితిత్తుల సంగతి? తయోలి, విండర్ చెప్పినట్టయితే త్వరగా ముట్లుడగడం రక్షించాలి. మాంట్రియల్‌లో 2009లో ప్రచురితమైన పరిశీలన దీనికి ఎదురుగా ఉంది. సహజంగా ముట్లుడిగినవారితో పోలిస్తే ఆపరేషన్ వల్లో, ఇతర చికిత్స వల్లో ముట్లుడిగిన స్త్రీలలో ప్రమాదం దాదాపు రెండింతలు. హార్మోను ఎక్కువైతే చేటు, తక్కువైతే మేలు అనే సూటి లెక్క ఇక్కడ కుదరదు. తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసు ఆపరేషన్లు ఇంత ఎక్కువగా ఉన్నాయి గనుక ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోటు కూడా ఇదే. క్యాన్సర్ ఆసుపత్రుల్లో స్త్రీ రోగి కేస్ షీటులో పొయ్యి ఏది, ఇంట్లో బీడీ ఎవరిది, గర్భసంచి ఏ వయసులో తీశారు, అండాశయాలు ఉన్నాయా అన్న నాలుగు ప్రశ్నలు చేర్చడానికి ఖర్చేమీ లేదు.

ఆహారంలో హార్మోను పోలిక గల పదార్థాల ప్రస్తావన కూడా ఉంది. సోయాబీన్‌లో ఈస్ట్రోజన్‌ను కొంత పోలిన పదార్థాలున్నాయి. షాంఘైలో పొగ తాగని స్త్రీలలో సోయా ఎక్కువ తినేవారికి ఈ క్యాన్సర్ కొంత తక్కువగా కనిపించింది. బీదర్ జిల్లా కర్ణాటకలో సోయా పంటకు ముందున్నా, ఇక్కడ ఆ గింజ వంటింటికి కాక నూనె మిల్లుకు పోతుంది. ఒక్క పరిశీలన బలంతో తిండి మార్చుకోమని చెప్పడం తొందరపాటు.

గుర్తింపు, చికిత్స

స్త్రీలలో ఈ వ్యాధి ఆలస్యంగా తేలడానికి పెద్ద కారణం టీబీ. రెండింటికీ లక్షణాలు ఒకటే: వారాల తరబడి దగ్గు, కఫంలో రక్తం, ఆయాసం, బరువు తగ్గడం, ఛాతీలో నీరు చేరడం. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో ఎక్స్‌రేలో నీడ కనిపించగానే టీబీ మందులు మొదలుపెట్టడం సహజం. పొగ తాగని నలభై అయిదేళ్ల స్త్రీ విషయంలో క్యాన్సర్ అనుమానం ఇంకా దూరంగా ఉంటుంది. కఫం పరీక్షలో క్రిమి కనిపించకపోయినా, మందులు వాడి రెండు నెలలైనా నీడ తగ్గకపోయినా, సీటీ స్కాన్, ముక్క పరీక్ష ఆలస్యం చేయకూడదు. వేళ్ల కొసలు ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, ఒకవైపు భుజం నొప్పి కూడా గమనించవలసినవే.

ముక్క పరీక్షలో అడినోకార్సినోమా అని తేలితే జన్యుపరీక్ష తప్పనిసరి. భారతీయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందిలో, స్త్రీలలో అంతకన్నా ఎక్కువమందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. అలాంటివారికి గెఫిటినిబ్ వంటి నోటిమాత్రలు పనిచేస్తాయి. అవి ఇప్పుడు మన దేశంలోనే చవగ్గా తయారవుతున్నాయి. కణితిని ఆపరేషన్‌తో తీసేశాక ఒసిమెర్టినిబ్ వాడినవారిలో అయిదేళ్లకు 88 శాతం, వాడనివారిలో 78 శాతం బతికి ఉన్నట్టు 2023లో తేలింది. వ్యాధి ముందుగా దొరికితేనే ఈ లాభం. హైదరాబాద్‌లో 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి తెలుగు జిల్లాలతోపాటు పాత నిజాం రాజ్యంలోని బీదర్, మరాఠ్వాడా రోగులకూ పెద్ద దిక్కు. బెంగళూరు కిద్వాయ్ సంస్థకు కలబురగిలో అనుబంధ కేంద్రం ఉంది.

తేలినది, చేయవలసినది

స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మొదటి కారణం పొగ: తాను తాగినదైనా, ఇతరులు తాగినదైనా, పొయ్యిలోదైనా. ఈస్ట్రోజన్ పాత్ర నిజమే, కాని అది రెండోది. వ్యాధిని పుట్టించడం కన్నా పెంచడంలో దాని చేయి ఎక్కువని ఇప్పటి సాక్ష్యం. పొగ తాగే స్త్రీ ముట్లుడిగాక జోడు హార్మోన్ మాత్రలు దీర్ఘకాలం వాడకూడదన్నది అందులోంచి వచ్చే స్పష్టమైన హెచ్చరిక. వైద్యుడి సలహాతో కొద్దికాలం వాడేవారు భయపడనక్కరలేదు.

మిగిలినది ఊరి చేతిలో ఉంది. బీడీ ఇంటి బయటికి, పొయ్యి పొగ పొగగొట్టంలోంచి పైకి పోవాలి. గర్భసంచి తీయాలన్న సలహా వచ్చినప్పుడు రెండో డాక్టరును అడిగాకే ఒప్పుకోవాలి, అండాశయాలు ఉంచుతారా అని తప్పక అడగాలి. మూడు వారాలు దాటిన దగ్గుతో ఏ స్త్రీ వచ్చినా, ఆమె ఎన్నడూ పొగ తాగకపోయినా, ఆశా కార్యకర్త నుంచి జిల్లా ఆసుపత్రి వరకు ప్రతి ఒక్కరూ టీబీతోపాటు క్యాన్సర్‌ను కూడా అనుమానించాలి.